చెరో పన్నెండు జీబీ

మా నాన్న ఏడుకొండలు గారికి ఒక పట్టుదల ఉంది. పిల్లలకు ఏది కొన్నా రెండు కొనాలి, రెండూ ఒకేలా ఉండాలి. రెడ్డిగూడెం మామిడితోట పంపకాల్లో బోరున్న వైపు పెదనాన్నకు పోయిందన్న మంట ఆయనకు ఇప్పటికీ చల్లారలేదు. అందుకే మా అన్నయ్య నవదీప్‌కు సైకిలు కొన్న రోజే నాకూ అదే సైకిలు వచ్చింది. నాకు కాళ్లు అందలేదు, అది వేరే సంగతి.

కంప్యూటరు మాత్రం ఇంటికంతటికీ ఒకటే. అంటే అన్నయ్యది. వాడు లేస్తే నేను కూర్చోవాలి, వాడేమో లేవడు. ఆటలో నేను వాడికంటే బాగా గురి చూసి కొడతానని వాడికీ తెలుసు. తెలిసే లేవడు.

కొత్త ఆట ఒకటి వచ్చింది. బొమ్మలు పూర్తి నాణ్యతతో కనిపించాలంటే గ్రాఫిక్స్ కార్డులో పదహారు జీబీ మెమరీ కావాలి. అన్నయ్య నాన్న బలహీనత కనిపెట్టాడు.

"పన్నెండు జీబీవి రెండు కొందాం నాన్నా. ఒకటి నా పేరున, ఒకటి చెల్లి అనూహ్య పేరున. రెండూ ఒకే కంప్యూటరు డబ్బాలో పెడితే ఇరవై నాలుగు."

నాన్న మురిసిపోయాడు. ముగ్గురం తిరువూరు మెయిన్ రోడ్డులో వంశీకృష్ణ షాపుకి వెళ్లాం.

అక్కడికి వెళ్లేలోపే నాకు లెక్క తెలుసు. రెండు కార్డులు పెట్టినా ఆటకు దొరికే మెమరీ పన్నెండే. ఆ మాట చెబితే పదహారుది ఒకటే కొంటారు, అది అన్నయ్య గదికి పోతుంది. చెప్పకపోతే నా పేరున్న కార్డు కూడా అన్నయ్య గదికే పోతుంది. ఎటు చూసినా కుర్చీ వాడిదే. నాకు ఒళ్లు మండిపోయింది.

"రెండూ ఆర్డరు పెట్టేయ్ వంశీ," అన్నాడు నాన్న.

"మెమరీ కలవదు బాబాయ్," అని వంశీ నసిగాడు. "అసలు ఇప్పటి ఆటలు చాలావరకు రెండో కార్డుని వాడుకోనే వాడుకోవు."

"ఎందుక్కలవదు? రెండు ట్యాంకులకి పైపేస్తే నీళ్లు కలవట్లా?"

నేనే అందుకున్నాను.

"నాకూ అన్నయ్యకీ ఒకే పరీక్ష అనుకో నాన్నా. చెరి సగం పాఠం చదువుకెళ్తే ఇద్దరం తప్పుతాం. ఇద్దరం మొత్తం చదవాల్సిందే. కార్డులూ అంతే. బొమ్మలన్నీ దీంట్లోనూ ఉండాలి, దాంట్లోనూ ఉండాలి. పన్నెండులో పట్టని ఆట రెండున్నా పట్టదు."

నాన్న అన్నయ్య వైపు చూశాడు. వాడు ఫోన్లో తల దూర్చాడు.

"అయితే పదహారుది ఒకటే తీసుకుందాం. ఇద్దరూ ఆడుకోండి," అన్నాడు నాన్న.

"నాకొద్దు," అన్నాను. "నాకు పన్నెండు చాలు. బొమ్మలు కాస్త తగ్గించుకుని ఆడతా. కానీ నాకంటూ ఒక కంప్యూటరుంటే దాంట్లో పెట్టుకుంటా. ఒకరు లేచేదాకా నిలబడటం నావల్ల కాదు నాన్నా."

"ఇంట్లో ఉన్న కంప్యూటరు ఇద్దరిదీ కాదా?"

"నేను దాని ముందు కూర్చోగా ఎప్పుడన్నా చూశావా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. నెమ్మదిగా అడిగాడు.

"అంటే, ఇన్నాళ్లూ నీకు నేను పంచలేదా తల్లీ?"

నాకు ఏడుపొచ్చింది. లేదు నాన్నా అని చెప్పలేకపోయాను, ఎందుకంటే పంచలేదు.

"వంశీ, చెరో పన్నెండు. చెరో డబ్బా. ఇన్నాళ్లూ వీడి దగ్గరున్న పాతది అమ్మాయికి, కొత్తది వీడికి."

"పన్నెండైతే నా ఆట పూర్తి క్వాలిటీలో నడవదు నాన్నా!" అన్నయ్య గింజుకున్నాడు.

"చెల్లి తగ్గించుకుంటానంటోందిగా. నువ్వూ తగ్గించుకో."

కార్డు వచ్చిన రోజు వంశీ మా ఇంటికొచ్చి బిగించి, దానికి తగ్గట్టు పవర్ సప్లై కూడా మార్చి వెళ్లాడు. డబ్బా నా గదిలో పెట్టించుకున్నాను. బొమ్మల నాణ్యత ఒక మెట్టు దించితే ఆట హాయిగా నడిచింది. అన్నయ్య గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఆ చెట్ల ఆకులు చూడవే, పులుముకుపోయినట్టున్నాయి."

"ఉండనీ."

అమ్మ వంటింట్లోంచి అన్నానికి రమ్మని కేకేసింది. వస్తున్నా అన్నాను. ఎంత సంతోషంగా ఉందంటే, లేవబుద్ధి కాలేదు.