చలిగదికి బొట్టు

నాచారం నుంచి మల్లాపూర్ వెళ్లే దారిలో మా విత్తనాల కంపెనీ ల్యాబు. మొక్కజొన్న మొలకలను చలిలో పెట్టి చంపడం అక్కడ నా పని. చావనివాటికే విలువ. నేనుండే చెంగిచెర్లలో ఇరుగుపొరుగు అడిగితే ఇంత నిజం చెప్పను, కంపెనీ ఉద్యోగమని ఊరుకుంటాను.

ఆయుధపూజ నాడు ల్యాబులో ప్రతి యంత్రానికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నేను చలిగది తలుపుకు బొట్టు పెడుతుంటే మా ఎలక్ట్రీషియన్ రామస్వామి వచ్చి దాని స్విచ్ ఆపేశాడు.

"అయ్యో కాకా, లోపల మొలకలున్నయి!"

"నడిచే మిషన్‌కు పూజ జేస్తరా బిడ్డా? పండుగ నాడన్న దానికి జర ఆరాం ఉండాలె గద. పోయినేడు గూడ గిట్లనే ఆపిన. సెలవులైనంక, మీరు రాకముందే మళ్ల ఆన్ జేసిన."

నా చేతిలో కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది.

పోయినేడు దసరా సెలవుల్లో ఆ గదిలో ఉన్నది మా కొత్త రకం. ఎక్కడిదో కొండప్రాంతపు మొక్కజొన్నను తెచ్చి మన రకంతో కలిపి చేసిన సంకరం. చలిని తట్టుకునే గుణం ఒక్క జీనుతో రాదు, పదుల జీన్లు తలా ఒక చెయ్యి వేయాలి. డీఎన్ఏ పరీక్షలో వాటిలో కొన్ని కనబడ్డాయి. అన్నీ కలిసి పనిచేస్తాయో లేదో తేల్చాల్సింది మాత్రం చలిగదే. నేను బతుకమ్మకు ఊరెళ్లి తిరిగొచ్చేసరికి మొలకలన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్క ఆకూ పాలిపోలేదు. ల్యాబంతా లడ్డూలు పంచారు. ఉష్ణోగ్రత నమోదు చేసే కంప్యూటర్‌కూ పండుగే కదా, ఆ రోజుల అంకెలు అందులో లేవు. కంప్యూటర్ ఆగినా గది నడిచే ఉంటుందిలే అనుకున్నాం. మంచి జరిగినప్పుడు ఎవరు ఆరా తీస్తారు? ఆ చలికాలం సరిగా చలి పడక పొలంలోనూ దాని గుట్టు బయటపడలేదు.

ఈ ఏడు, అమ్మకానికి ముందు రైతులతో వేయించి చూద్దామన్నప్పుడు ఆదిలాబాద్ దగ్గర మా పుట్టినూరి పేరు చెప్పింది నేనే. అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది.

మా పెద్ద సైంటిస్టు గిరిప్రసాద్ గారి గదికి పరుగెత్తాను. ఆయన అంతా విని, లేచి తలుపు వేశారు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పకండి స్వర్ణలతా. మళ్లీ టెస్ట్ పెడదాం. దేవుడి దయ వల్ల ఈ ఏడాది కూడా చలి పడకపోవచ్చు."

జన్యుశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి! నాకు ఒళ్లు మండింది.

"మా ఊరంతా విత్తేశారు సార్."

"అందుకే చెప్పొద్దంటున్నాను."

బయటికొచ్చి, లారీల మోత మధ్య గోడవారగా నిలబడి మా అన్న నరేందర్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, ఆ మక్క దున్నేసి ఇంకేమన్న ఏసుకోండ్రి. ఇంక టైముంది."

"ఏమైందే? మొలక మస్తుగ లేసింది. ఆగు, అందరం ఈడనే ఉన్నం, స్పీకర్ల పెడ్త."

మంచిదే అనుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. "చలిల పెట్టినమనుకున్నం. పూజకని మిషన్ ఆపిన్రు. ఆ మొలకలు సరిగ చలే సూడలె. రేపు చలి వడితె ఆకులు మాడుతయ్, కంకుల గింజ వట్టది."

తిడతారని ఎదురుచూశాను. తిట్టినా ఫర్వాలేదు, దున్నితే చాలు.

సత్తమ్మ పెద్దమ్మ గొంతు వినిపించింది. "పూజ నాడు ఆ గదిలనే ఉండెనా బిడ్డా, ఇత్తనం?"

"ఔ పెద్దమ్మా, గని..."

"చూసిన్రా! అమ్మవారి పసుపుకుంకుమల నడుమ బతికిన ఇత్తనం. ఇంకేం ఫికర్!"

ఎవరో ఈల వేశారు. నవ్వులు మొదలయ్యాయి.

"గట్ల గాదు పెద్దమ్మా, నా మాట ఇనుండ్రి!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు. ఊళ్లో నా మాటకు ఎదురు లేదు. ఆ మాట మీదే విత్తారు, అదే మాట ఇప్పుడు ఎవరికీ ఎక్కడం లేదు.

అన్న ఫోన్ అందుకున్నాడు. "నీకు చిన్నప్పటికెల్లి భయమే. మిగిలిన ఇత్తనం సంచులు ఎవరికియ్యాల్నా అని సూస్తున్న. పక్కూరోళ్లు అడుగుతున్నరు. గీ ముచ్చట జెప్పి గిప్పుడే పంచుత."

"వద్దన్నా..."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేశాను. బిజీగా ఉంది. పక్క ఊరికే చేస్తున్నట్టున్నాడు.