అరవై రెండు దీపాల స్టేషను

వీధిదీపాల శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి పెద్ద ఇంజనీరుగా రిటైరైన ఆయనను అందరూ ఇప్పటికీ లైట్ల సారు అనే పిలుస్తారు. రిటైరయ్యాక ఆయన వెనకగదిలో, భోజనాల బల్లంత చెక్కమీద, ఒక బుల్లి రైల్వే స్టేషను కట్టుకున్నాడు. అగ్గిపెట్టెలంత పెట్టెలున్న రైలు, ప్లాట్‌ఫారం, దాని వెనక ఒక వీధి, పదకొండు ఇళ్ళు. బొమ్మరైళ్ళ క్లబ్బు ఆ ఏటి ప్రదర్శనకు ‘రాత్రివేళ స్టేషను’ అని పోటీ పెట్టింది. హాల్లో లైట్లన్నీ ఆర్పేస్తారు. ఎవరి స్టేషను వాళ్ళ దీపాలతోనే కనపడాలి.

ఆ మాట వినగానే సారు మొదటి బహుమతి తనదేనని తేల్చేసుకున్నాడు. దీపాల సంగతిలో తనకెవరు పోటీ? క్లబ్బు అధ్యక్షుడంటారా, పళ్ళ డాక్టరు!

నెలరోజులు తల ఎత్తకుండా కూర్చున్నాడు. ఆవగింజంత ఎల్‌ఈడీలకు వెంట్రుకల్లాంటి రాగితీగలు అతికించాడు. రెండుసార్లు వేళ్ళు కాల్చుకున్నాడు. మొదటి ఇంట్లో దీపం వెలిగించగానే ప్లాస్టిక్ గోడల్లోంచి వెలుగు కారి, ఇల్లు మొత్తం జ్వరమొచ్చిన బుగ్గలా ఎర్రబడింది. పదకొండు ఇళ్ళూ విప్పి, లోపల నల్లరంగు పూసి, కిటికీలకు పల్చటి ట్రేసింగ్ కాగితం అంటించి మళ్ళీ నిలబెట్టాడు. మొత్తం అరవై రెండు దీపాలు.

ప్రదర్శన వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం గది కిటికీకి దుప్పటి కట్టి భార్యను పిలిచాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇరవై ఆరేళ్ళుగా ఎక్కువగా రాత్రి డ్యూటీలే. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. అప్పుడే నిద్రలేచి, జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

సారు స్విచ్చి నొక్కాడు. ఆవిడ కళ్ళు చిట్లించింది.

“ఎవరికండీ ఆపరేషను?”

“అదేం మాట?”

“ఇంత వెలుగు ఆపరేషన్ థియేటర్లోనే చూశా. ఇందులో రాత్రి ఏదీ?”

“ఒక్క దీపమైనా ఆరిపోయిందేమో చూడు!” అన్నాడు రోషంగా.

“లేదు. అదే కదా రోగం.”

సారు మూతి ముడుచుకున్నాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. “ఈ ఇంట్లో పడుకున్నారు, తీసెయ్యండి. ఈ పైవాటాలో చంటిపిల్ల ఉంది. ఉంచండి, కానీ బాగా తగ్గించండి. ఆ చివరింట్లో ఎవరో ఇంకా రాలేదు. వంటింట్లో ఒక్కటి చాలు.”

ఒక్కో తీగ తెంపుతుంటే సారుకు సొంత నరం తెగినట్టే ఉంది. అయినా తెంపాడు. మిగిలిన దీపాలకు నారింజరంగు పూసి మసక చేశాడు. పదకొండు ఇళ్ళకు మూడు కిటికీలు మిగిలాయి. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ ఊరికి నిద్ర వచ్చింది. అది సారుకూ కనిపించింది.

“ఇక ఈ స్తంభాలు,” అంది ఆవిడ.

“వీధిదీపాలు కూడానా? అవెందుకు ఆర్పాలి?”

“నేను బస్సుకి నడిచే వెనకసందులో అవి ఎప్పుడు వెలిగాయి గనక? తొమ్మిదేళ్ళయింది.”

సారుకు ఆఫీసు జీపు ముందుగుమ్మం దగ్గరికే వచ్చేది. వెనకసందుతో ఆయనకు ఏనాడూ పనిపడలేదు.

“నాకు చెప్పొచ్చుగా?”

“చెప్పాను. ‘ఇంట్లో ఆఫీసు గొడవలొద్దు, అర్జీ పెట్టుకో’ అన్నారు. రెండుసార్లు పెట్టా. జవాబు కూడా వచ్చింది, పరిశీలనలో ఉందని. కింద మీ సంతకం.”

“నీ పేరు నేను చూడలేదా?”

“ఏమో! సంతకం మాత్రం చాలా అందంగా పెట్టారు.”

సారు ఎనిమిది స్తంభాలూ ఆర్పేశాడు.

ప్రదర్శన రోజున జనం ఆ బల్లమీదికి వంగి, పడుకున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. మొదటి బహుమతి నూట నలభై బల్బుల గూడ్సు యార్డుకు వెళ్ళింది. సారు చేతికి న్యాయనిర్ణేతల కాగితం ఒకటి వచ్చింది: ‘పనితనం బాగుంది. వెలుతురు చాలలేదు. వీధిదీపాలు వెలగడం లేదు. వైరింగు సరిచూసుకోగలరు.’

“మీరే ఇలా చేస్తే ఎలా సార్?” అన్నాడు పళ్ళ డాక్టరు.

“మా శాఖ పని ఇలాగే ఉంటుందండీ,” అన్నాడు సారు. సర్వీసులో ఏనాడూ ఇంత నిజం చెప్పలేదనిపించింది ఆయనకు.

సోమవారం తన పాత ఆఫీసుకు వెళ్ళి, వరసలో నిలబడి, వెనకసందు గురించి అర్జీ ఇచ్చాడు. ఒకప్పుడు తన కింద పనిచేసిన గుమస్తా గాభరాగా లేచాడు.

“మీరు రావాలా సార్? ఫోన్ చేస్తే పోయేదిగా!”

“ఫోన్ చెయ్యలేనివాళ్ళకి ఎలా ఉంటుందో చూద్దామని.”

రెండు నెలలైంది. దీపం రాలేదు. సారు మాత్రం రోజూ సాయంత్రం ఏడున్నరకు టార్చి పుచ్చుకుని భార్యను బస్టాపుదాకా దిగబెడుతున్నాడు. తను తోడు లేకపోతే ఆవిడ ఎలా నడిచేదోనని మొదటిరోజు జాలిపడ్డాడు కూడా.

“ఆ టార్చి ఆపండి, కళ్ళల్లో కొడుతోంది,” అంది ఆవిడ. “ఇటు ఎడమకి జరగండి. ముందు గుంట ఉంది.”

సారు టార్చి ఆపి, ఆవిడ చెయ్యి పట్టుకుని, చెప్పినట్టే జరిగాడు.