తిమింగిలానికి అభిషేకం

మీనరూపాన ప్రళయజలధిని ఈది వేదాలను ఒడ్డుకు చేర్చిన శ్రీహరికి, ఆ జలానికి తల్లియైన గంగమ్మకు, ప్రాణి ముక్కుపుటాలలో నిలిచి బ్రతుకును నడిపే వాయుదేవునికి మొక్కి ఈ వృత్తాంతం మొదలుపెడుతున్నాను. సముద్రపు కథలో వాయుదేవునికి పనేమిటని మీకు సందేహం రావచ్చు. నాకూ చాలాకాలం ఆ సంగతి తెలియదు.

నేను ఒక ఇత్తడి చెంబును. బుడితి అనే ఊరి కంచరి ఒకాయన రాగినీ తుత్తునాగాన్నీ కరిగించి మూసలో పోసి నాకు ఆకారమిచ్చాడు. మెడ చుట్టూ తామరరేకులు చెక్కి, "నువ్వు దేవుడి పనికే ఎల్తావులే" అని మెరుగుపెట్టాడు. ఆయన మాట పొల్లుపోలేదు. ఇసకలపాలెంలో అసిరమ్మ పెళ్లికి ఆమె మేనమామ నన్ను కానుకగా ఇచ్చాడు.

ఆ ఊరి జాలరులకు ఒక ఆచారముంది. కొత్త పడవ తొలిసారి అలల మీదికి వెళ్లేముందు ఇంటి పెద్దకోడలు దాని ముక్కు మీద పసుపునీళ్లు పోసి గంగమ్మను తలుచుకోవాలి. అసిరమ్మ ఆ ఇంటి పెద్దకోడలు కాబట్టి ఆ పసుపునీళ్లు మోసే భాగ్యం నాది. ఎదుట అంత సముద్రం ఉండగా చెంబెడు నీళ్లతో సాగనంపడమేమిటని మొదట్లో వింతపడేదాన్ని. మనుషుల భక్తికి కొలపాత్రలు వేరని తరువాత గ్రహించాను. గ్రహించి గర్వపడ్డాను కూడా. ఆ గర్వానికి ప్రాయశ్చిత్తమే మిగిలిన కథ.

ఒక కార్తికమాసపు ఉదయం తీరాన ఒక పిల్ల తిమింగిలం ఒరిగి ఉంది. రెండు నిలువుల పొడవు, కాటుక వంటి నలుపు. ఇంకా ప్రాణముంది. "ఓలమ్మో, గంగమ్మతల్లొచ్చినాది!" అని ఊరంతా పరుగెత్తింది. అసిరమ్మ దాని నుదుట పసుపు రాసి కుంకుమ దిద్దింది. ఆమె మరిది కొర్లయ్య దాని తలచుట్టూ తిరిగి, నడినెత్తిన ఉన్న బెజ్జాన్ని కనిపెట్టాడు.

"వదినా, ఇక్కడ్నించే గదా నీళ్లు సిమ్ముద్ది? సూడు, ఎండిపోనాది. కడుపులో నీళ్లయిపోనట్టున్నాయి."

"మరి సూస్తా నిలబడ్డావేటి? తేండి నీళ్లు!"

నన్ను ముంచి తెచ్చి ఆమే స్వహస్తాలతో ఆ బెజ్జంలో పోసింది. నీళ్లు పడ్డప్పుడల్లా ఆ ప్రాణి ఒళ్లంతా కదిలి తోక నేలకు కొట్టేది. "సూసినారా, తల్లి సంతోసపడతంది!" అని జనం చేతులు జోడించేవారు. శివలింగానికి కూడా అంత శ్రద్ధగా అభిషేకం జరిగి ఉండదు. మధ్యాహ్నానికి తోక కదలడం మానింది. కొత్తచీర కప్పి, పసుపుకుంకుమలతో పూడ్చిపెట్టారు. సేవ చేసినా తల్లి ఎందుకు నిలవలేదని అసిరమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మూడోనాడు పట్నంలోని సముద్రజీవుల ప్రదర్శనశాల నుంచి హైమవతి అనే శాస్త్రజ్ఞురాలు వచ్చింది. పూడ్చినదాన్ని తవ్వించి కొలతలు తీసుకున్నాక బడి వరండాలో ఊరివారికి నాలుగు మాటలు చెప్పింది. దాహానికి నీళ్లిచ్చే నెపంతో అసిరమ్మ నన్ను పట్టుకుని ముందు వరుసలో కూర్చుంది.

"ఇది చేప కాదమ్మా. తిమింగిలమూ డాల్ఫినూ సముద్రపుటావూ మనలాగే పిల్లల్ని కని పాలిచ్చేవి," అని ఆమె తన అరచేయి తెరిచి చూపించింది. "దీని రెక్క లోపల ఇలాగే వేళ్ల ఎముకలుంటాయి. నీళ్లలో ఉన్నా, పైకి వచ్చి గాలి పీల్చుకోకపోతే బ్రతకదు. మనం దూరం నుంచి చూసి నీళ్లు చిమ్ముతోంది అనుకునేది దాని ఊపిరే. వెచ్చని ఊపిరి, కాస్త తడి కలిసి తుంపరలా కనిపిస్తుంది."

"మరి నడినెత్తిన ఆ బెజ్జం?" అని అడిగింది అసిరమ్మ.

"ముక్కమ్మా అది."

నా అంచును పట్టుకున్న ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. "ముక్కులో నీళ్లు పోత్తే ఏటవుద్దమ్మా?"

జరిగింది హైమవతికి తెలియదు. "మనకెలాగో దానికీ అలాగే. ఊపిరాడదు," అంది తేలిగ్గా.

కొర్లయ్య తలవంచుకుని లేచి వెళ్లిపోయాడు. తరువాత సంగతి తెలిసి హైమవతి, ఒడ్డున పడేటప్పటికే అది నీరసించి ఉంటుందనీ, ఎలాగూ నిలిచేది కాదేమోననీ ఊరడించబోయింది. అసిరమ్మ ఆ ఊరటను తీసుకోలేదు. ఇంటికి వచ్చి నన్ను శుభ్రంగా తోమి, అటక మీద బోర్లించింది. పడవలకు పసుపునీళ్లు పోసే పని తోడికోడలికి అప్పగించింది.

పదకొండేళ్లు నేను బోర్లా ఉన్నాను. ఆ పదకొండేళ్లూ అసిరమ్మ మాత్రం ఊరికే లేదు. డాల్ఫిన్లను లెక్కపెట్టడానికి హైమవతి ఏటా వచ్చేది. వచ్చినప్పుడల్లా అసిరమ్మ ఆమె ఎదుట కూర్చుని ఒకే ప్రశ్న వేసేది: మళ్లీ ఒడ్డుకొస్తే ఏటి సెయ్యాల? వీపు తడపాలి, ముక్కు తడపరాదు. ఎండ పడకుండా నీడ పట్టాలి. తోక పట్టి లాగరాదు. పొట్ట కింద ఇసుక తవ్వి పోటు కోసం ఓపిక పట్టాలి. అక్షరమ్ముక్క రాని అసిరమ్మ ఈ మాటలను రోట్లో దంచుతూ, చేపలు ఎండబెడుతూ, వేదపాఠంలా వల్లించుకునేది. తిమింగిలం గాలిని లోపల నిలిపి గంటసేపు మునిగి ఉండగలదని విన్నప్పుడు, "కుంభకంలో కూకున్న యోగన్నమాట" అని నిట్టూర్చింది. వరుణుని ఇంట కాపురముంటూ వాయుదేవుని ఉప్పు తినే ఆ ప్రాణిని నేను కూడా అటక మీద తలపోస్తూ ఉండేదాన్ని.

మళ్లీ ఒక కార్తికం. తెల్లవారుతూనే తీరాన కేకలు. అసిరమ్మ అటక వైపు చేయి చాచింది. దుమ్ము కూడా దులపకుండా నన్ను చంకన పెట్టుకుని పరుగెత్తింది.

ఈసారిది పెద్దది. చుట్టూ ఊరు ఊరంతా బిందెలతో ఉంది. అందరికంటే ముందు కొర్లయ్య, ఇప్పుడు ఊరిపెద్ద, తల మీదికి బిందె ఎత్తి ఉన్నాడు. పదకొండేళ్ల కిందటి మాట వినడం వేరు, తల్లి కళ్లెదుట పడి ఉంటే చేతులు కట్టుకుని నిలబడడం వేరు. అసిరమ్మ వెళ్లి తన అరచేతిని ఆ ముక్కుకు అడ్డుగట్టుగా పెట్టింది.

"ఆపండర్రా! నెత్తిన పొయ్యకండి!"

"అడ్డు లెగు వదినా. తల్లికి నీళ్లు పోత్తే తప్పేటి?"

"తల్లికి కాదు, తల్లి ముక్కులోకి పోస్తన్నావు. ఇలగ పడుకో, నీ ముక్కులో ఓ బిందెడు పోస్తాను. ఎంత సల్లగుంటాదో సూద్దూగాని!"

జనం నవ్వారు. గుంపులోంచి ఒక ఆడగొంతు దెప్పింది: "అప్పుడు నువ్వే గదేటప్పా పోసినావు? ఇయ్యాల మాకు సెప్పొచ్చినావా?"

అసిరమ్మ చేయి తియ్యలేదు.

"అవునే, నానే పోసినాను. నానే సంపీసినాను. అందుకే సెప్తన్నాను."

ఆ మాట ఆమె నోట పైకి రావడం అదే మొదలు. కొర్లయ్య బిందె కింద పెట్టాడు. "బెజ్జం సూపింది నాను గదా వదినా," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడేటి సెయ్యమంటావో సెప్పు."

ఆమె చెప్పింది, ఊరు చేసింది. తడిచీరలు వీపున పరిచారు. తెరచాప నీడగా పట్టారు. ఒక చేయి ముక్కుకు గట్టుగా ఉంచి, రెండో చేత నాతో వీపు మీద నీళ్లు పోస్తూ ఆమె పొద్దెక్కేదాకా మోకాళ్ల మీదే ఉంది. అంతలో బుస్సుమని ఆ ప్రాణి ఊపిరి వదిలింది. వెచ్చగా, చేపవాసనతో, అది వచ్చి నా కడుపులో నిండింది. నీళ్లు నింపుకోవడానికే పుట్టానని అనుకున్న నేను ఒక ప్రాణి శ్వాసను పట్టింది ఆనాడే.

పోటు వచ్చింది. పొట్ట కింద కాలువ తవ్వి, వల పరిచి, ముప్పైమంది దాన్ని నీళ్లలోకి నడిపించారు. అలలు దాటాక ఒక తెల్లని తుంపర పైకి లేచింది.

"వదినా, సూడు! తల్లి సీదింది!" అని కొర్లయ్య చిన్నపిల్లవాడిలా గెంతాడు. అసిరమ్మ నవ్వలేదు, ఏడవలేదు. సముద్రంలో నన్ను కడిగి, నిటారుగా నిలబెట్టి, నీళ్లు నింపింది.

హైమవతి అడిగితే అసిరమ్మ నన్ను ఇచ్చింది; ఇప్పుడు నేను ఆమె కొలువు చేసే ప్రదర్శనశాలలో అద్దాల బీరువాలో ఉన్నాను. "ఇసకలపాలెం అసిరమ్మ ఈ చెంబుతో ఒక తిమింగిలాన్ని కాపాడారు" అని నా పక్కన చీటీ పెట్టారు. అసిరమ్మ ఒకనాడు చూడవచ్చి దాన్ని చదివించుకుంది.

"ఇంకేటీ రాయలేదా?"

"ఇంకేం రాయాలమ్మా?"

"దీంతోటే ముందొకదాన్ని సంపినానని రాయమ్మా. లేపోతే సదివినోలకి ముక్కెక్కడుందో ఎలగ తెలుస్తాది?"

హైమవతి బీరువా తెరిచి చీటీ బయటికి తీసింది. తరువాత కలం తీసి రెండో వరుస రాసింది. బడిపిల్లలు వచ్చినప్పుడు చూస్తుంటాను. మొదటి వరుస గబగబా చదివేస్తారు. రెండో వరుస దగ్గర ఆగి, తమకు తెలియకుండానే చేయెత్తి సొంత ముక్కు తడుముకుంటారు.

ఈ కథ విన్నవారి ఊపిరి నిండు నూరేళ్లు సుఖంగా ఆడుగాక. నీళ్లు పోసే ప్రతి చేతికీ, ఎక్కడ పోయరాదో చెప్పే తెలివి తోడుండుగాక. నేలమీది ప్రాణులకూ నీటిలోని ప్రాణులకూ శుభమగుగాక.