మరియమ్మ కట్టిన బట్ట

పొగ అటు మళ్ళింది, మీరు ఇటు జరిగి కూర్చోండి. అరబా సిగ్గుపడిన కథ చెబుతాను.

మన అనోమాబో రేవులో చర్చి గోడ మీది మరియమ్మ ఏళ్ళ తరబడి తెల్లగా, నీలి ముసుగుతో ఉండేది. సున్నం పెచ్చులూడిపోయాక, ఈసారి మన అమ్మల్లా నల్లగా, బిడ్డను వీపున కట్టుకున్నట్టు వేయిద్దామన్నారు ఫాదర్. బొమ్మలేసే కోబినా, చూసి వేయడానికి మంచి బట్టొకటి కావాలన్నాడు. చేపలు పొగబెట్టి అమ్మే అరబా అందరికన్నా ముందు పెట్టె తెరిచింది. ఎర్రటి బట్ట, దాని నిండా పసుపు పిట్టలు.

మన సంతలో ప్రతి బట్టకూ ఆడవాళ్ళు పెట్టుకున్న పేరుంటుంది. పొరుగూరి మగవాడు కోబినాకు అవేం తెలుసు? ఆ బట్ట పేరు ‘నువ్వు కుళ్ళు, నేను కట్టుకుంటా’. పిల్లలు లేని తోటికోడలు బెంత్సివా మనసు మండాలనే, తన నాలుగో బిడ్డకు పేరు పెట్టిన నాడు అరబా అది కట్టింది. ఎప్పటి మాటో, ఎవరికి గుర్తుంటుందిలే అనుకుంది. మరియమ్మే తన బట్ట కడుతుందన్న గొప్ప ఒకటి.

ఆదివారం బొమ్మ మీది తెర తీశారు. మరియమ్మ ఒంటి మీద ఆ పసుపు పిట్టలే. ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

“మరియమ్మకి ఎవరి మీదే కోపం? సవతి మీదా, తోటికోడలి మీదా?” అంది ముసలి ఎసాబా వెనక బల్ల మీంచి.

బిడ్డ కోసం వారంవారం ఆ గోడ ముందు మోకరిల్లే బెంత్సివా, కొవ్వొత్తి వెలిగించకుండానే బయటికి నడిచింది. అరబా వెంటపడింది.

“ఆగవే. నేను కావాలని ఇవ్వలేదు.”

“అప్పుడు కట్టింది కావాలనేగా అక్కా.”

అరబా నేల చూసింది. “అవును. నువ్వు ఏడవాలనే కట్టాను.”

“ఏడ్చాన్లే. ఏడ్చి ఆవిడ దగ్గరికే పోయేదాన్ని. ఇప్పుడు ఆవిడే అది కట్టుకుని నిలబడితే ఎక్కడికి పోను, చెప్పు?”

మర్నాడు అరబా కోబినా దగ్గరికెళ్ళి చెరిపెయ్యమంది.

“ఇంత బాగా కుదిరితే ఎందుకమ్మా?”

చర్చి ఊడుస్తున్న ఆడవాళ్ళు చీపుర్లు ఆపి వింటుండగా, ఆ పేరూ, ఎవరి కోసం కట్టిందీ తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. కోబినా సరేనని, చూసి వేయడానికి ఇంకొకటి తెమ్మన్నాడు.

వేరే బట్ట కోసం అరబా తోటికోడలి గడప ముందు నిలబడింది. బెంత్సివా భుజం మీది గళ్ళ బట్ట తీసిచ్చింది. వెలిసిపోయి, చేపల పొగ వాసన కొడుతోంది.

“దీనికి పేరు లేదు. మీరెవరూ పెట్టకండి కూడా.”

కోబినా వేసినంతసేపూ అరబా దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకునే నిలబడింది. పీట ఎవరూ వేయలేదు, ఆమె అడగలేదు.

బెంత్సివా మళ్ళీ అక్కడ మోకరిల్లుతోంది. బొమ్మలో ఆ గళ్ళ బట్ట అంచు దగ్గర పాత పిట్టది ఒక పసుపు రెక్క ఇంకా కనబడుతుంది, కోబినా మరిచాడో, వదిలాడో. అందరూ మరియమ్మ మొహం చూస్తారు. అరబా చూపు ఆ రెక్క దాటి పైకి పోదు.

మీ పిల్లలకూ ఇది చెప్పండి. బట్ట పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించండి. బెంత్సివా ఇల్లు ఇక్కడికి దగ్గరే.