గొంతు మీద చేతులు

మా అత్తగారింటి వాళ్ళకు ఫుట్‌బాల్ పిచ్చి. నాకు తిండి పిచ్చి. అందుకే ఆదివారం మ్యాచ్ ఉందంటే పెద్ద టీవీ ఉన్న హోటల్‌కే వెళతాం. వాళ్ళు తెర చూస్తారు, నేను పళ్ళెం చూస్తాను. ఊరికే తింటూ కూర్చుంటే మజా ఏముంటుందని అవతలి జట్టును వెనకేసుకొస్తాను. ఆ జట్టులో ఒక్కడి పేరూ నాకు తెలియదు. బావమరిదిని ఉడికించడానికి అంత తెలియనక్కర్లేదు.

వాడు గోడలకు రంగులు వేస్తాడు. నిచ్చెన అక్కర్లేనంత పొడుగు. నేను వాడి భుజం కూడా దాటను. వాళ్ళ జట్టు గోల్ కొట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదీ రెండు చేతులతో తమ గొంతులు పట్టుకుని, నాలుక బయటపెట్టి నా వైపు తిరుగుతారు. మీ వాళ్ళ గొంతు పట్టేశాం అని దాని అర్థం. కనిపెట్టింది బావమరిదే. అత్తగారూ చేస్తారు, కాకపోతే పెద్దమనిషి కాబట్టి నాలుక బయటపెట్టరు.

ఆ రోజు కాల్చిన మాంసం బ్రహ్మాండంగా కుదిరింది. గోల్ లేకుండానే ఆట చివరికొచ్చింది. బావమరిది తెర మీంచి చూపు తిప్పకుండా పెద్ద పెద్ద ముక్కలు నోట్లో కుక్కుకుంటున్నాడు. నమిలి తినరా అన్నాను. వినిపించుకోలేదు.

అంతలో గోల్ పడింది. హోటల్ మొత్తం లేచింది. మావాళ్ళూ లేచి గొంతులు పట్టుకున్నారు. బావమరిది కళ్ళు పెద్దవి చేసి నా మీదికే వంగాడు. నాకు ఒళ్ళు మండింది. వేళాకోళానికీ హద్దుండాలనుకుని, మొహం తిప్పుకుని ఇంకో ముక్క తీసుకున్నాను.

తెర మీద రిఫరీ చెయ్యెత్తాడు. గోల్ చెల్లదట. హోటలంతా ఉసూరుమంది. మా ఆవిడ చేతులు దించేసింది. అత్తగారు కూలబడి రిఫరీని తిట్టడం మొదలుపెట్టారు. ఇక ఎగతాళి నా వంతు కదా అని తలెత్తాను.

బావమరిది చేతులు ఇంకా గొంతు మీదే ఉన్నాయి.

చెల్లని గోల్‌కి వాడు ఆ సైగ చెయ్యడు. ఆ విషయంలో వాడికి పట్టింపు ఎక్కువ. పెదవులు నీలంగా మారుతున్నాయి. నోరు తెరిచి ఉంది, దగ్గు కూడా రావడం లేదు.

కుర్చీ తన్నేసి వాడి వెనక్కి పరిగెత్తి వీపు మీద గట్టిగా చరిచాను. లాభం లేదు. నేను లిఫ్టులు బాగుచేస్తాను. ఇలాంటప్పుడు వెనక నుంచి పట్టుకుని పొట్టలో నొక్కాలని మా కంపెనీలో నేర్పారు. అంత పొడుగు మనిషి నాకు అందితే కదా. మోకాళ్ళ వెనక ఒక్క తాపు తన్నాను. వాడు మోకాళ్ళ మీద కూలాడు.

చూసేవాళ్ళకు అదెలా కనిపించిందో చెప్పాలా? ఆట గొడవలో బావ బావమరిదిని చితకబాదుతున్నాడు. పక్క బల్ల ఆసామి నా మెడ పట్టి వెనక్కి లాగాడు. అత్తగారు చెంప మీద ఒక్కటిచ్చారు.

"నా పిల్లాణ్ణి చంపేస్తారా మీరు?" అన్నారు. అంత కోపంలోనూ అల్లుణ్ణి 'మీరు' అనడం మానలేదు.

"గొంతులో ముక్క ఇరుక్కుంది అత్తయ్యా. నన్ను వదలమనండి."

ఆవిడ కొడుకు మొహం చూశారు. ఆ తర్వాత ఆసామి చెయ్యి కొరికింది ఆవిడే.

వాడి పొట్ట చుట్టూ చేతులు బిగించి లోపలికీ పైకీ గుంజాను. మళ్ళీ గుంజాను. వాడి తల నా భుజం మీదికి వాలిపోతోంది. ఇంతమంది మధ్య నా చేతుల్లోనే పోతాడని భయమేసింది. ఉన్న బలమంతా పెట్టి ఇంకోసారి గుంజాను. ముక్క నేల మీద పడింది. వాడు ఈల వేసినట్టు ఊపిరి లాగాడు.

మా ఆవిడ వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఆట ఏమైందో మా బల్ల దగ్గర ఎవరికీ పట్టలేదు. వాడు గోడకి ఆనుకుని కాసిని నీళ్ళు తాగాక, ఎలా ఉందిరా అని అడిగాను.

"అందరూ టీవీ చూస్తున్నారు బావా. నువ్వొక్కడివే చూడవని నీ దగ్గరికే వచ్చాను," అన్నాడు బొంగురు గొంతుతో. "నువ్వు మొహం తిప్పుకున్నావు చూడు, అప్పుడు ఇంక అయిపోయిందనుకున్నా."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పాడంతే. నేను వాడి ఎదురుగా నేల మీదే కూర్చుని, ఇక చాల్లే బావా అని వాడన్నా వినకుండా, చాలాసేపు వాడి మొహమే చూస్తూ ఉండిపోయాను.