సూది మానిపించిన పొడి

ఊరికే జిలేబీ పెట్టేవాణ్ణి నేను నమ్మను. ఆ మాట మొదటిరోజే అన్నాను. మా అత్త ఇమాం బీ వింటేగా!

రంజాన్ నెలకు ముందు తెనాలిలో మా వీధి షాదీఖానాలో కృష్ణకాంత్ అనే మనిషి ఉచిత షుగర్ శిబిరం పెట్టాడు. రేపల్లెలో, బాపట్లలో, కొల్లూరు లంకల్లో ఎందరికో నయం చేశానని మైకులో ఊదరగొట్టాడు. వచ్చినవాళ్ళందరికీ వేడివేడి జిలేబీ, టీ. ఆ తర్వాత వేలు గుచ్చి చూస్తే ఎవరికి చూసినా షుగర్ మూడొందల పైనే. మా అత్త బెదిరిపోయింది. అప్పుడు డబ్బు పుచ్చుకుని పొడి సీసా చేతిలో పెట్టి, "ఇది వాడమ్మా, ఇన్సులిన్ సూది మానెయ్. ఈ ఏడాది రోజాలన్నీ ఉండొచ్చు," అన్నాడు.

ఆ ఒక్క మాటకే పడిపోయింది. సూది మొదలైననాటి నుంచీ డాక్టరు ఆమెను రోజా ఉండొద్దంటున్నాడు. ఇంటిల్లిపాదీ రోజా ఉంటే ఆమె మాత్రం మధ్యాహ్నం తలుపు వేసుకుని, దొంగతనం చేస్తున్నట్టు అన్నం తినేది. అది చూసిందాన్ని కాబట్టే నేను గట్టిగా వద్దనలేకపోయాను.

రోజాలు మొదలయ్యాక ఒకరోజు ఇఫ్తార్‌కు కాస్త ముందు కృష్ణకాంత్ మళ్ళీ వచ్చి పరీక్ష చేశాడు. రోజాలో నెత్తురు తీయకూడదని, నేను ల్యాబుకు రమ్మన్నా రాని అత్త అతనికి వేలిచ్చింది. షుగర్ సగానికి సగం తగ్గింది! నాకు మాత్రం అనుమానం పీకుతూనే ఉంది. ఆమె రాత్రంతా నీళ్ళకు లేస్తోంది, అరికాళ్ళు మంటలంటోంది. తగ్గిన రోగానికి ఇంత దాహమేంటి అని అడిగితే, "నేను రోజా ఉంటే నీ కళ్ళెందుకు కుడుతున్నాయి నస్రీన్?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. అంగలకుదురు నుంచి వచ్చే సరోజిని పిన్ని, వాళ్ళాయన పాండురంగారావు గారు కూడా అదే పొడి వాడుతున్నారని చెప్పింది.

"తగ్గిందా పిన్నీ?"

"శివరాత్రి సాయంత్రం చూస్తే బాగా తగ్గిందన్నాడమ్మా. కానీ మనిషేమో చిక్కి సగమైపోయారు."

"శివరాత్రికి బాబాయిగారు ఉపవాసమేనా?"

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఏం?"

"మరి మొదటిసారి చూసినప్పుడు?"

"అప్పుడు వాళ్ళే టిఫిన్ పెట్టారుగా. జిలేబీ కూడానూ."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. తిన్నాక ఒకసారి చూడటం, పస్తున్నాక ఒకసారి చూడటం. వాళ్ళకు శివరాత్రి, మాకు రోజా. ఎవరి భక్తితో వాళ్ళ చెవిలోనే పువ్వు పెట్టాడు మహానుభావుడు!

శుక్రవారం సాయంత్రం అతను కొత్త సీసాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వీధిలో ఆడవాళ్ళు కూడా చేరారు. ఇఫ్తార్ వేళకు వచ్చినవాణ్ణి తినకుండా పంపడం మా ఇళ్ళల్లో లేదు. ఆ మర్యాద అడ్డం పెట్టుకుని అతన్ని కదలనివ్వలేదు. ఖర్జూరాలయ్యాయి, నమాజయింది, భోజనాలయ్యాయి. అప్పుడన్నాను: "అన్నా, మా అత్తకు ఇప్పుడొకసారి షుగర్ చూడండి."

"తిన్నాక చూడకూడదమ్మా."

"జిలేబీ తిన్నాక చూశారుగా?"

అతను మిషను సంచిలో పెట్టేసుకున్నాడు. "అంటే నేను మోసగాణ్ణా?" అని లేచాడు. ఆ మాట ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం.

మా అత్త వేలు చాపింది. "నా కోడలి కోసం కాదు బాబూ, నా కోసం చూడు," అంది.

అతను ఆ వేలి వంక చూడనైనా లేదు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు. గెలిచానని నేను పొంగిపోయాను. తిరిగి చూస్తే, మా అత్త చాపిన వేలు ఇంకా దించలేదు.

డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినంత మందు సూదిలోకి ఎక్కించాను. ఆమె కొంగు పక్కకు తీసింది.

"ఇది వేసుకుంటే రేపు రోజా లేదుగా?"

"లేదు అమ్మీ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "వాడు దొంగని నాక్కూడా అనిపించిందే. ఈద్ అయ్యాక చెబితే నీ సొమ్మేం పోయేది?"