చెవితో మార్చే గేరు

మీటరు చూసి గేరు మార్చేవాణ్ణి డ్రైవరు కింద జమకట్టేవాడే కాదు మేస్త్రీ. "వాడు గుమాస్తా. కాగితం చూస్తేగానీ పని జరగదు. డ్రైవరన్నవాడు ఇంజను మాట వినాలి" అనేవాడు. అన్నాడంటే అనడా మరి? ముప్పై ఏడేళ్లు గేరుబాక్సులు విప్పి బిగించిన చెయ్యి అది. షెడ్డులో ఆయన్ని అందరూ చెవి మేస్త్రీ అని పిలిచేవారు. బండి గేటు దాటుతుండగానే, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే, "మూడో గేరు పళ్లు పోయాయి, దించండి" అని అక్కణ్ణించే కేకేసేవాడు. దించి చూస్తే మూడో గేరే.

పని మానేసి మూడేళ్లయింది. మానేసిన నెలలోనే ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఒకటి ఇంటిముందు తెచ్చి నిలబెట్టాడు. వెనక డిక్కీ పొట్టిగా, నేలకి ఆనుతుందేమో అన్నట్టు కిందికి ఉంటుంది. ఆరు గేర్లు. కాస్త తొక్కితే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. తలకి రంగేసుకునే వయసులో ఈ కుర్రకారు బండేమిటని భార్య నెత్తి కొట్టుకుంది. నీకేం తెలుసే పో, అన్నాడు. అప్పట్నుంచీ ఆవిడ ఏం చెప్పినా నోట్లోనే గొణుక్కుంటోందని ఆయన గోల. ఆవిడొక్కతేనా? ఆయన లెక్కప్రకారం ఈమధ్య లోకమంతా గొణగడం నేర్చుకుంది. టీవీలో వార్తలు చదివేవాళ్లకి కూడా గొంతు పెగలడం లేదు.

ఇప్పుడు ఇంట్లో రగడ ఆ కారు గురించే. కూతురికి కొత్త ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి ఏడింటికల్లా అక్కడుండాలి. ఆరేళ్ల మనవరాల్ని స్కూల్లో దింపేదెవరు? ఆ మాట వినగానే మేస్త్రీ మొహం చేటంతయింది. ఏదో ఒక పూట అవసరానికి తప్ప, పని మానేశాక ఆయన్ని ఎవరైనా రోజువారీ పనికి పిలవడం అదే మొదలు. రోజూ పొద్దున్నే పాపని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఎర్ర కారులో ఊరేగడమంటే, ఇంకేం కావాలి ఆ మనిషికి!

కూతురు మాత్రం ఒక మెలిక పెట్టింది. "తీసుకెళ్లు నాన్నా, కాదనను. నీ కారులో కాదు, నా కారులో. నాకు ఆఫీసు బస్సుంది." ఆమెదీ అదే కంపెనీ, అదే హ్యాచ్‌బ్యాక్. రంగు తెలుపు, గేర్లు ఆటోమేటిక్. అదే ఆయనకి మంట.

"ఆటోమేటిక్ అంటే లిఫ్టు అమ్మడూ. ఎక్కి నిలబడితే అదే తీసుకెళ్తుంది. లిఫ్టులో వెళ్లినవాడు మెట్లెక్కానని చెప్పుకుంటాడా?"

"మెట్లెక్కి ఎవర్ని ఉద్ధరించాలి? ఆ స్కూలు ముందు ట్రాఫిక్ చూశావా? అడుగుకోసారి క్లచ్ తొక్కాలి. నీ మోకాళ్లతో లేవడానికే మంచం పట్టీ పట్టుకుంటావు. ఆటోమేటిక్ అయితే కళ్లు రోడ్డు మీద పెట్టుకుంటే చాలు."

"పల్లంలో దిగేటప్పుడు? రెండో గేరులో వేస్తే ఇంజనే ఆపుతుంది బండిని. నీ దానికి బ్రేకు తప్ప దిక్కేముంది?"

వాదన తెగక, చివరికి ఆదివారం పొద్దున రెండు కార్లూ నడిపి చూడాలని ఒప్పందమైంది. జడ్జి కూతురే. దేంట్లో తండ్రి బాగా నడిపితే పాప దాంట్లోనే వెళ్తుంది.

గోడౌన్ల వెనక రోడ్డు ఆదివారం ఖాళీగా ఉంటుంది. ముందు ఎర్ర కారు తీశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి, మేస్త్రీ వెన్నపూసలా నడిపాడు. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, ఎక్కడ మారిందో పక్కనున్న మనిషికి తెలియదు. ఎడమ చెయ్యి మాత్రం గేరు రాడ్ తల మీంచి కదల్లేదు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూతురు ఆ చేతివైపు చూపించి, "ఎప్పుడూ దాన్నే పట్టుకుంటావేంటి, ఎవరైనా ఎత్తుకుపోతారా?" అంది.

"అలవాటే. దాని మాట దానికుంటుంది" అన్నాడు నవ్వుతూ. కూతురు ఓడిపోయినట్టు చేతులెత్తేసింది. పందెం అక్కడే గెలిచాననుకున్నాడు మేస్త్రీ.

తరవాత తెల్ల కారు. మొదటి మలుపులోనే అలవాటుకొద్దీ ఎడమ కాలితో క్లచ్ తొక్కాడు. అక్కడ క్లచ్ ఎక్కడుంది, ఉన్నది బ్రేకు! కారు కొయ్యబారిపోయింది, కూతురు ముందుకి తూలింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. "కాలు మడిచి సీటు కింద పెట్టుకో నాన్నా, దానికి ఈరోజు సెలవు" అంది కూతురు.

కాసేపు బుద్ధిగానే నడిపాడు. కానీ చెయ్యి ఊరుకుంటుందా? ఆ కారులో గేర్లు మన చేత్తో మార్చుకునే వీలు కూడా ఉంది, లీవరు పక్కకి లాగితే చాలు. లాగాడు. "చూడు, నీ లిఫ్టుని ఎలా మెట్లెక్కిస్తానో" అని రెండో గేరులో పెట్టి తొక్కాడు. రోడ్డు తిన్నగా, నిర్మానుష్యంగా ఉంది. ఇంజను అడిగినప్పుడు మూడోది వేద్దామని చూస్తున్నాడు. ఇంజను అడగలేదు. ఇంకాస్త తొక్కాడు. అయినా అడగలేదు.

మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. "అబ్బబ్బ! ఏం బండే ఇది! ఇంత తొక్కినా కిక్కురుమనట్లేదు! ఒప్పుకుంటున్నానమ్మడూ, ఈ విషయంలో మాత్రం పైచేయి నీదే. నా దాంట్లో ఈపాటికి చెవులు గింగుర్లెత్తేవి."

బదులు లేదు. పక్కకి తిరిగి చూశాడు. కూతురు రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. కళ్లు ఇంతింత చేసి ఆయన్నే చూస్తోంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆ అమ్మాయి అరుస్తోంది. ఎప్పట్నుంచి అరుస్తోందో!

ఎవరైనా అడ్డమొచ్చారేమోనని రోడ్డు చూశాడు, ఎవరూ లేరు. అప్పుడు, జీవితంలో మొదటిసారి, మీటరు చూశాడు. ముల్లు ఎర్ర గీతల్లోకి వెళ్లిపోయి వణుకుతోంది. రెండో గేరు. ఎనభై దాటిన వేగం. ఆ లెక్కన ఇంజను ఏ స్థాయిలో కేకలు పెడుతూ ఉండాలో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కాలు తీసేశాడు. కారు పక్కకి తీసి ఆపాడు. గోడౌన్ షట్టరు ఎత్తుతున్న వాచ్‌మన్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి వీళ్లనే చూస్తున్నాడు.

కూతురు ఆయన భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "నాన్నా, నీకు వినపడలేదా?"

"వినపడింది."

"ఏం వినపడింది?"

మేస్త్రీ ఏం చెప్పాలి? దూరంగా ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు సన్నగా ఏదో ఉంది, అదీ ఇప్పుడు తలుచుకుంటే. అంతే.

తిరుగు ప్రయాణంలో కూతురే నడిపింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఒకే మాట పట్టుకుని వేలాడాడు. ఈ కారు అద్దాలు మందం, అందుకే. నా కారు నాకు వినపడుతుంది. పొద్దున వినపడిందా లేదా? ప్రతి గేరూ ఇంజను అడిగాకే కదా మార్చింది! ఇల్లు చేరగానే ఎవరితోనూ మాట్లాడకుండా ఎర్ర కారెక్కాడు. గేరు మీద చెయ్యేసి, క్లచ్ మీద కాలేసి తాళం తిప్పాడు. హమ్మయ్య, వినపడింది. చక్కగా గుర్రుమంటోంది. ప్రాణం లేచొచ్చింది.

చెమట తుడుచుకోవడానికి చెయ్యి తీశాడు. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఇంజను ఆగిపోయింది.

ఇదెందుకు ఆగింది అనుకుని మళ్లీ తాళం తిప్పాడు. గట్టిగా తిప్పాడు. వరండాలోంచి కూతురు చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చింది. దగ్గరికొచ్చి ఆగమని చేతులూపుతోంది. అప్పటికి అర్థమైంది మేస్త్రీకి. ఇంజను ఆగలేదు. తిరుగుతున్న ఇంజను మీద మళ్లీ స్టార్టరు కొట్టాడు. ఇనుము ఇనుముని నమిలే ఆ చప్పుడు వీధి చివరిదాకా వెళ్తుంది. షెడ్డులో ఎవడైనా అలా కొడితే స్పానరు విసిరేవాడు తను.

చెయ్యి మళ్లీ గేరు మీద పెట్టాడు. ఇంజను వచ్చింది. తీశాడు. పోయింది. పెట్టాడు, వచ్చింది. చిన్నపిల్లాడిలా అదే పని నాలుగుసార్లు చేశాడు. ఎన్నేళ్లుగానో తను వింటున్నదంతా అరచేత్తోనూ, అరికాలితోనూ. చెవితో కాదు. చెవి ఎప్పుడు పోయిందో తనకే తెలియదు. స్టీరింగు మీద తల ఆన్చాడు.

కూతురు తలుపు తీసి, ఆయన పక్కన గొంతుక్కూర్చుని, ముఖంలోకి చూస్తూ నిదానంగా చెప్పింది. "డాక్టరుకి చూపిద్దాం నాన్నా. చెవికి మిషను పెడతారు. ఇంత మాత్రానికి..."

"పాప సంగతి?" అన్నాడు మేస్త్రీ ఆమె మాట పూర్తికాకముందే. "దాన్ని నేనే తీసుకెళ్తా. నీ కారులోనే వెళ్తా, ఆ లీవరు ముట్టుకోను. పన్నెండు నిమిషాల దారి. గేర్లు అదే మార్చుకుంటుందిగా, ఇంక నాకు చెవితో పనేముంది? కళ్లున్నాయి కదా. కాదనకే. ఆ ఒక్కటీ కాదనకు."

ఆయన అలా బతిమాలడం కూతురు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెల్లారితే ఉద్యోగం, ఎదురుగా తండ్రి. సరేనన్నట్టు తల ఆడించబోయింది. ఇంతలో వాళ్లమ్మ వెనకే వచ్చి ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ పాప ఏదో అంది. చిన్న మాటే. కూతురు మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"ఏమంది?" అన్నాడు మేస్త్రీ. "ఏమందే అది?"

కూతురు చెప్పలేదు. అప్పుడాయన కారు దిగి, నొప్పెట్టే మోకాలు నేలకి ఆన్చి, పాపకి చెవి అప్పగించాడు. పాప రెండు చేతులూ దోసిలిలా చేసి ఆ చెవికి ఆనించి, ఆటలా, ఒక్కో మాటా గట్టిగా అరిచింది.

"మొన్న అమ్మకి జ్వరమొస్తే నువ్వే కదా స్కూలుకి తీసుకెళ్లావు. అప్పుడు నా తలుపు సరిగ్గా పడలేదు తాతా. నేను చెప్పా. చాలాసార్లు చెప్పా. నువ్వు ఊఁ, ఊఁ అన్నావు. అందుకని స్కూలొచ్చేదాకా నేనే పట్టుకుని కూర్చున్నా."

ఎలా పట్టుకుందో కూడా చూపించింది, పళ్లు బిగించి, రెండు చేతులతో గాలిని తనవైపు లాక్కుంటూ.

మేస్త్రీకి ఆ పొద్దు కళ్లకి కట్టింది. అద్దంలో పాప పెదాలు దారి పొడుగునా కదులుతూనే ఉన్నాయి. పాట పాడుకుంటోందనుకున్నాడు. ముచ్చటపడి తల కూడా ఊపాడు. ఆ రోజు పెద్ద మలుపులో సరదాకి ఎర్ర కారుని కాస్త వేగంగానే తిప్పాడు, పాప నవ్వుతుందని. మీటరు పక్కన తలుపు గుర్తు ఎర్రగా వెలిగే ఉంటుంది, ఆయన అటు చూడలేదు. పాప రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. వేళ్లు చిక్కుడు గింజలంత ఉన్నాయి. వాటిని విడిచిపెట్టడానికి చాలాసేపు పట్టింది.

"రేపు కాస్త ఆలస్యమవుతుందని మీ ఆఫీసుకి చెప్పుకో అమ్మడూ" అన్నాడు చివరికి, తన గొంతు ఎంత బిగ్గరగా ఉందో తనకే తెలియకుండా. "పాపని నువ్వే దింపు."